అగ్నిగుండం తొక్కిన పాదానికి చెప్పుల కొలత

మా దుకాణంలో పాదాల కొలత తీసే చెక్కపీట మీద ఒట్టు. ఇంతవరకు దాని మీద ఆనిన కాళ్లన్నిటి మీదా ఒట్టు. కింద రాసిన ప్రతి మాటా నిజం. నేను కోతలు కోస్తానని చిట్యాల బస్టాండు నుంచి నల్లగొండ దాకా చెప్పుకుంటారని నాకు తెలుసు. అట్లా చెప్పేవాళ్లు నా దగ్గర చెప్పులు కొననివాళ్లు. కొన్నవాళ్లకు అంత తీరిక ఉండదు, హాయిగా నడుచుకుంటూ పోతుంటారు.

రాష్ట్రం వచ్చిన నాలుగో ఏడు. చలి పోయి ఎండ ముదరడం మొదలైన రోజులు. నా దుకాణం చిట్యాలలో హైవే పక్కనే. ముందు గదిలో మామూలు చెప్పులు అమ్ముతాను, వెనక గదిలో ఎంసీఆర్ చెప్పులు తయారుచేస్తాను. ఎంసీఆర్ అంటే లోపల సన్నటి గాలి బుడగలుండే మెత్తటి రబ్బరు. ఒంటి బరువు ఒక్కచోటే పడకుండా అరికాలంతా పంచుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు, మడమ నొప్పి ఉన్నవాళ్లకు డాక్టర్లు ఇవే వేసుకోమంటారు. ఈ పని కోసం హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో కొన్నాళ్లు శిక్షణ తీసుకున్నాను. అక్కడ నేర్పింది చెప్పులు చేయడం కొంతే, కాళ్లు చూడడమే ఎక్కువ.

కాళ్లు చూడడం మొదలుపెడితే మనిషి పని ఏమిటో అడగాల్సిన అవసరం ఉండదు. చౌటుప్పల్ మందుల కంపెనీల్లో ఇనుప ముక్కు సేఫ్టీ షూ తొడుక్కుని పొద్దంతా నిలబడేవాళ్లకు బొటనవేలి గోరు కండలోకి దిగుతుంది, చిటికెన వేలి మీద ఆనెకాయ కాస్తుంది. ఆ ఆనెకాయను బ్లేడుతో కోసుకుని రక్తం కారుతుండగా వచ్చేవాళ్లూ ఉంటారు. నాట్లు వేసే ఆడవాళ్లకు వేళ్ల సందులు బురదనీళ్లలో నాని పాసిపోతాయి. ఏళ్ల తరబడి మొనదేలిన బూట్లు వేసినవాళ్లకు బొటనవేలి మొదట్లో ఎముక పక్కకు ఉబ్బుతుంది, దాన్ని బునియన్ అంటారు. దావత్ మరునాడు బొటనవేలి కీలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోతే అది గౌట్ కావచ్చు. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీలులో పలుకుల్లా పేరుకోవడం. అట్లాంటి ఒకాయన వేలి మీద మా దుకాణంలో ఈగ వాలింది. ఆయన పెట్టిన కేకకు హైవే మీద లారీ ఆగింది. డ్రైవరు దిగివచ్చి సంగతి కనుక్కుని, తనూ ఒక జత కొనుక్కుని పోయాడు.

వీళ్లెవరి గురించీ నాకు పెద్దగా బెంగ ఉండదు. అరిచేవాడు ఇవాళ కాకపోతే రేపు డాక్టరు దగ్గరికి పోతాడు.

ఆ రోజు సత్తెమ్మ కుంటుకుంటూ వచ్చింది. వెనకాలే ఆమె భర్త లింగయ్య, తలపాగా సర్దుకుంటూ, రాజుగారిలా నడిచి వచ్చాడు. ఇద్దరికీ యాభై దాటాయి. నకిరేకల్ వైపు ఒక ఊళ్లో నిమ్మతోట చేసుకుని బతికేవాళ్లు.

"పొద్దుగాల మంచం దిగంగనే మడిమెల ఇనుప మొల గుచ్చినట్టయితది తమ్మీ," అంది సత్తెమ్మ. "నాలుగడుగులేస్తె జర తగ్గుతది. మల్ల జరసేపు కూసోని లేస్తె గదే లొల్లి."

"ఇంట్ల బండల మీద వట్టి కాళ్లతోనే తిరుగుతవా అక్కా?"

"ఇంట్ల చెప్పులేసుకొని తిరుగుతరా ఎవలన్న?"

ఇది నేను తరచుగా చూసే నొప్పే. పేరు ప్లాంటార్ ఫేషియైటిస్. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. గట్టి నేల మీద ఏళ్ల తరబడి వట్టి కాళ్లతో తిరిగితే అది మడమ దగ్గర దెబ్బతింటుంది. రాత్రంతా ముడుచుకుని ఉండి, పొద్దున్నే మొదటి అడుగుకు లాగుతుంది. మెత్తటి చెప్పు ఇంట్లో కూడా వేసుకోమన్నాను. గోడకు చేతులానించి పిక్కలు సాగదీయడం చూపించాను. గడ్డకట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించమన్నాను. చాలామందికి వీటితోనే తగ్గుతుంది. కొన్ని వారాలు చేసినా తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలని చెప్పి, ఆమె పాదం పీట మీద పెట్టించాను.

లింగయ్య కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"పుట్టిన సంది తోటల తిరుగుతున్న తమ్మీ. కాలు నొప్పంటే ఎట్లుంటదో నాకెరుక లేదు. గీమె చిన్న మడిమె నొప్పికి ఊరంత చాటింపేస్తాంది."

"గీయనవి కాళ్లు గావు, కట్టెలు," అంది సత్తెమ్మ, తల ఎత్తకుండానే.

"కట్టెలైతే ఎన్నడో కాలిపోయేటియి."

ఆ మాట ఎందుకన్నాడో తనే చెప్పాడు. వాళ్ల ఊళ్లో శివుడి జాతర. పొడుగాటి గుంత తవ్వి, తుమ్మ మొద్దులు కాల్చి, కణకణలాడే నిప్పులు పరుస్తారు. మొక్కుకున్నవాళ్లు వట్టి కాళ్లతో దాన్ని దాటుతారు. అదే అగ్నిగుండం. కొన్నేళ్లుగా అందరికంటే ముందు దిగేది లింగయ్యే. ఆయన దాటాకే మిగతావాళ్లు దిగుతారు.

"అందరు ఉరుకుతరు. నేను నడుస్త. నిరుడైతె నడిమిట్ల నిలవడి దండం వెట్టిన. తడి ఇసుకల నిలవడ్డట్టే ఉంటది. నా కాళ్లను స్వామి వట్టుకుంటడు. ఊరందరు జూసిన్రు."

"బొబ్బలు గిట్ల రాలేదా లింగన్నా?"

జవాబు సత్తెమ్మ చెప్పింది. "ఎందుకు రాలేదు. నేను జూసి చెప్పేదాక గీయనకు తెల్వనే తెల్వదు. పసుపు వెట్టిన. ఎన్నడు మానినయో ఏమో, మస్తు దినాలైంది."

సత్తెమ్మ పాదం చుట్టూ గీస్తున్న పెన్సిలు పక్కన పెట్టాను.

"షుగర్ ఉన్నదా అన్నా?"

"ఇయ్యాల రేపు ఎవలకు లేదు? గోళీలిచ్చిన్రు. యాదికొచ్చినప్పుడు ఏస్త."

చెప్పు ఒకసారి ఇమ్మన్నాను. కుడికాలితో తన్ని నా వైపు జరిపాడు. తిరగేసి చూస్తే, అడుగున నిమ్మముల్లు ఒకటి విరిగి ఉంది. మొన లోపలి వైపుకు తేలింది. దాని చుట్టూ రబ్బరు నల్లగా గట్టిపడి ఉంది. ఆయన కాలు పైకి పట్టుకున్నాను. బొటనవేలి మొదట్లో, కాయ కాసిన చర్మం మధ్యలో గింజంత రంధ్రం. చుట్టూ ఉబ్బు. దగ్గరికి వంగితే వాసన.

"గిది ఎప్పటిసంది?"

"ఏది?" అన్నాడు లింగయ్య.

నా దగ్గర మోనోఫిలమెంట్ ఉంటుంది. పిడికి గుచ్చిన నైలాన్ దారం, చేపల గాలం దారం కంటే కొంచెం మొద్దు. అరికాలి మీద ఆనించి అది వంగేదాకా నొక్కాలి. స్పర్శ బాగున్న కాలికి తెలుస్తుంది. లింగయ్యను కళ్లు మూసుకోమని, దారం తగిలినప్పుడల్లా 'ఆ' అనమన్నాను. పుండున్న చోటు వదిలి బొటనవేలు, చిటికెన వేలు, అరికాలి ముందుభాగం, మడమ అన్నీ నొక్కాను. తర్వాత ఎడమకాలు పట్టుకుని అక్కడా అన్నిచోట్లా నొక్కాను. ఆయన కళ్లు మూసుకుని, బుద్ధిగా ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"జల్ది షురూ చెయ్ తమ్మీ," అన్నాడు. "మల్ల బస్సు పోతది."

సత్తెమ్మ అంతా చూస్తూనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయిపోయిందయ్యా," అంది మెల్లగా. "రెండు కాళ్లూ అయిపోయినయి."

లింగయ్య కళ్లు తెరిచి నన్ను చూశాడు, ఆమెను చూశాడు. చాలాకాలం అదుపులో లేని షుగర్ కాళ్లలోని నరాలను మొద్దుబారుస్తుందని, దాన్ని న్యూరోపతి అంటారని చెప్పాను. ముల్లు గుచ్చినా, నిప్పు కాల్చినా కబురు మెదడుకు చేరదు. పుండు లోపలికి పోతూ ఉంటుంది, మనిషి దాని మీదే నడుస్తూ ఉంటాడు. ఈ పుండుతో గుండంలో దిగితే కాలు దక్కడం కష్టం. దిగకపోయినా ఇవాళే దవాఖానకు పోవాలి.

ఆయన ముఖం గట్టిపడింది.

"అంటే నా కాళ్లను వట్టుకున్నది స్వామి గాదు, షుగరంటవ్. గంతేనా?"

కాలు నా చేతిలోంచి లాక్కున్నాడు.

"జాతర ఎదురుంగ వెట్టుకొని దవాఖానల మంచమెక్కితె ఊరోళ్లు ఏమంటరు? లింగయ్యను స్వామి ఇడిసిపెట్టిండంటరు. జాతర అయినంక పోత. నీ చెప్పులు నువ్వు జేస్కో." చెప్పు కోసం చెయ్యి చాపాడు.

వైద్యం మాటలు ఆయన దగ్గర ఇక పనిచేయవని అర్థమైంది. చెప్పు ఇవ్వలేదు. మా తాత సంగతి చెప్పాను.

"మా తాత గుడ గుండం తొక్కిండు లింగన్నా. కానీ అడుగడుగుకు ఏడ్సిండు. ఆ ఏడుపు మూడూళ్లకు ఇనవడ్డది, పాలిచ్చే బర్లు బెదిరి ఎగతన్నినయి. బయటికొచ్చినంక జనం అడిగిన్రు, గంత నొప్పయితె ఎందుకు తొక్కినవ్ అని. నొప్పి నాది, దాన్నే స్వామికిచ్చిన అన్నడు. మరి నీ దగ్గర ఇయ్యనీకి ఏమున్నది? నొప్పే లేనోడు వట్టి చేతులతోని పోయినట్టే గదా గుడికి."

లింగయ్య నా చేతిలో ఉన్న చెప్పు వైపు, అందులోని ముల్లు వైపు చూశాడు. బయట లారీలు పోతున్నాయి.

"నీ తాత పేరేంది?" అని అడిగాడు లింగయ్య.

"నర్సయ్య," అన్నాను, ఎదురుగా పేర్చిన చెప్పుల డబ్బాల వైపు చూస్తూ.

"ఊఁ," అన్నాడు. ఇంకొంచెంసేపు ఆ ముల్లు వైపు చూశాడు. "బస్సుల వోదమా, ఆటోలనా?"

ఆటో మాట్లాడాను. పుండు మీద శుభ్రమైన గుడ్డ చుట్టి, ఆ కాలు నేల తాకకుండా భుజం పట్టి ఎక్కించాం. నల్లగొండలో మేం పోయిన దవాఖాన డాక్టరమ్మ సన్నటి కడ్డీతో పుండు లోతు చూసింది. అది ఎముకకు తగిలింది. ఎక్స్‌రే తీయించింది.

"నొప్పి ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాడు లింగయ్య, అలవాటైన గర్వంతోనే.

"అదే అసలు జబ్బు," అందామె. ఆ రోజే చేర్చుకుంది.

బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. ఎముకకు పట్టిన చీము ఇంకా పైకి పాకలేదు, అందుకే పాదం మిగిలింది. జాతరనాడు ఆయన మంచం మీదే ఉన్నాడు. ఊళ్లో ఇంకొకాయన ముందు దిగాడట, బాగా కేకలు పెట్టాడట. ఆ సంగతి సత్తెమ్మ చెప్పగానే లింగయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం లేచి, "నొప్పయిందంటనా వానికి?" అని అడిగాడట. అయిందంటే తలూపాడట.

పుండు మానాక ఆయనకు ఎంసీఆర్ చెప్పులు చేశాను. లేని వేలి జాగాలో టో ఫిల్లర్ పెట్టాను, అంటే పక్కవేళ్లు ఆ ఖాళీలోకి ఒరగకుండా ఆపే మెత్తటి దిమ్మ. ఇప్పుడు రోజూ సాయంత్రం సత్తెమ్మ ఆయన అరికాళ్లు వెలుతురులో తిప్పి చూస్తుంది. తొడుక్కునే ముందు చెప్పులు దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడకుండా ఆయన గడప దాటడానికి లేదు. గోళీలు యాదికొచ్చినప్పుడు కాదు, ఆమె ఇచ్చినప్పుడు వేసుకుంటాడు. సత్తెమ్మ మడమ నొప్పి కూడా తగ్గింది. ఇంత గొడవలో ఆ మంచి వార్త ఎవరూ పట్టించుకోలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అప్పటినుంచి దుకాణానికి వచ్చినవాళ్లను నొప్పి ఉందా అని మాత్రమే అడిగి ఊరుకోవడం మానేశాను. చెప్పులు విప్పమంటాను. నొప్పి ఉంటే దానికి దారి ఉంది. చెప్పు మారిస్తే, విశ్రాంతి ఇస్తే చాలా నొప్పులు దిగుతాయి. దెబ్బ తగిలి కాలు మోపలేకపోతే, ఎరుపుతో పాటు జ్వరం వస్తే, వేలు చల్లబడి నీలంగానో నల్లగానో మారితే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. షుగర్ ఉన్నవాళ్లకైతే ఇంత లెక్క కూడా అక్కర్లేదు. గింజంత పుండైనా, నొప్పి బొత్తిగా లేకపోయినా, వెంటనే పోవాలి. నొప్పి లేదు కదా అని ఆగినవాళ్ల చెప్పులే నేను ఎక్కువగా ఒంటి కాలికి చేసి ఇచ్చాను.

ఇక ఒట్టు సంగతి. ఒక్కచోట తప్పాను. మా తాత ఏ గుండమూ తొక్కలేదు. ఆయన చలికాలంలో కూడా పొయ్యికి దూరంగా కూర్చునేవాడట. పేరు నర్సయ్య కూడా కాదు. లారీ ఆగిన మాట మాత్రం నిజం.

కొత్త చెప్పులు తొడిగిన రోజు ఈ ముక్క లింగన్నతో కూడా చెప్పాను, మనసులో పెట్టుకోవద్దన్నాను. ఆయన చెప్పులతో నాలుగడుగులు వేసి చూసుకుని, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"గది నాకు అప్పుడే ఎరుకైంది తమ్మీ," అన్నాడు. "పేరడిగితె ఎదురుంగ ఉన్న చెప్పుల డబ్బల మీది పేర్లన్ని ఎతికి చెప్తివి. గీడు నా కాలు కోసం సొంత తాతనే నిప్పులల్ల దించిండంటే, పుండు సంగతి మాత్రం నిజమే అయితదనుకున్న."