యూనిఫాం కోత

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో లారీలు బాగుచేసే గ్యారేజీలో నేను స్టోర్‌కీపరుగా ఉన్న రోజులవి. మా జీతం కాగితంలో ప్రతి నెలా ఒక వరుస ఉండేది: లాండ్రీ, పదిహేను దిర్హాములు. మెడ నుంచి చీలమండ దాకా ఒకటే కుట్టుగా ఉండే నీలం యూనిఫాం మాది. దాన్ని కవరాల్ అనేవాళ్లం. మొదట్లో కంపెనీ పిలిపించిన వ్యాను వచ్చి గ్రీజు పట్టిన కవరాళ్లు మూటగట్టి తీసుకుపోయి, ఉతికి తెచ్చి ఇచ్చేది. 2006లో ఆ వ్యాను రావడం మానేసింది. కోత మాత్రం మానలేదు.

గ్యారేజీలో కొత్త ఇంజన్ల పని నేర్పడానికి ఇంగ్లండు నుంచి ఒక ఇంజినీరు వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. ఒకరోజు నా స్టోరు దగ్గర టీ తాగుతూ, తమ దేశంలో పని బట్టలు ఇంట్లో ఉతుక్కునేవాళ్లకు సర్కారు పన్నులో కొంత తగ్గిస్తుందని, అయితే అడిగినవాళ్లకే ఇస్తుందని చెప్పాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ మాట మా గదిలో చెప్పాను.

"మనకు టాక్సే లేదు గదనే అన్నా, ఇంక తగ్గించుడేంది?" అన్నాడు పై మంచం మీది కుర్రవాడొకడు.

"లేదని ఎవడన్నడ్రా?" అన్నాడు వెల్డరు. కరీంనగర్ వైపు మనిషి, పైసా దగ్గర గట్టివాడు. "నెలనెలా లాండ్రీ అని కోస్తలేరా? గది టాక్స్ గాదా? అన్నా, నువ్వు రాయి. మా పైసలు మాకియ్యమను."

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. కిరాణా కొట్లో పొట్లాలు కడుతూ నేర్చుకున్నవే. కానీ ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. వ్యాను ఆగి ఏడు నెలలు, గదిలో ఎనిమిది మందిమి. మా గదికి రావలసింది ఎనిమిది వందల నలభై దిర్హాములు. కంపెనీ మమ్మల్ని ఉంచిన క్యాంపులోని మిగతా గదులవాళ్లు కూడా నా చేతే రాయించుకున్నారు. అన్నీ కలిపి ఒకటే అర్జీగా ఆఫీసులో ఇచ్చాను.

ఆఫీసులో మా వ్యవహారాలు చూసేది ఒక మలయాళీ ఆఫీసరు. అతని పైన ముదీర్, అంటే మేనేజరు. అర్జీ నిదానంగా చదివి, నాతో హిందీలో అన్నాడు: "ముదీర్‌కు ఇస్తే ఒక్కటే అడుగుతాడు. మీ బట్టలు మీరే ఉతుక్కుంటున్నారని రుజువేమిటని. శుక్రవారం పొద్దున నేనే క్యాంపుకు వస్తా. ఏ గదిలో ఎవరు ఉతుకుతారో కళ్లతో చూసి, పేర్లు రాసుకుంటా."

సరేనని సంతోషంగా తిరిగి వచ్చాను. క్యాంపు వెనక నీళ్ల కుళాయిల దగ్గరికి వెళ్లేదాకా నాకు తట్టలేదు. అక్కడ సగానికి కోసిన డ్రమ్ములో నిలబడి, ఒక చేత్తో గోడ పట్టుకుని, మా కవరాళ్లు తొక్కుతున్నాడు చాచా.

చాచాది రాయచోటి. మా గదిలో అందరికన్నా పెద్దవాడు. టైరు దించుతుంటే నడుము పట్టేసింది. వంగకూడదు, బరువు ఎత్తకూడదు అని డాక్టరు కాగితం ఇచ్చాడు. ఆ కాగితం చూసి కంపెనీ ఆయన్ను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. గదిలో వంట వంతులవారీగా చేసుకునేవాళ్లం. ఎనిమిది మందికి సరిపడే అన్నం డేగిసా ఆయన దించలేడు. అందుకని ఆయన వంతు మేము వండేవాళ్లం, మా బట్టలు ఆయన తొక్కేవాడు. నిలబడి తొక్కితే నడుముకు ఏమీ కాదు. మా మధ్య అది న్యాయమైన సర్దుబాటే. ఆఫీసు కళ్లతో చూస్తే మాత్రం, నడుము బాగాలేదన్న మనిషి ఎనిమిది మంది బట్టలు ఉతుకుతున్నాడు.

పైగా ఆయన వీసా గడువు నెలలో ముగుస్తుంది. కొత్తది కొట్టించాలా, టికెట్టు ఇచ్చి పంపాలా అని ఆఫీసులో ఆలోచిస్తున్నట్టు గేటు దగ్గర అందరికీ తెలుసు. ఊళ్లో ఆయన కొడుకు పాలిటెక్నిక్ ఆఖరి ఏడు చదువుతున్నాడు.

నేను విషయం చెప్పగానే చాచా డ్రమ్ములోంచి దిగాడు.

"నా పేరు రాయొద్దు నాయనా. ఈ పని చేస్తాండానని తెలిస్తే, మళ్లా టైర్లు మొయ్యమంటారు. మొయ్యలేనంటే పొమ్మంటారు. నాకు ఈ ఒక్క వీసా కొట్టించేదాకా కాపాడండబ్బా."

గదిలో మాట్లాడుకున్నాం. శుక్రవారం ఎవరి బట్టలు వాళ్లే ఉతకాలి. చాచా మంచం మీద పడుకోవాలి. డ్రమ్ము బోర్లించి, పైన ఉల్లిపాయల బస్తా పెట్టాం. వెల్డరు ఒకటికి రెండుసార్లు అందరికీ అప్పజెప్పించాడు. తన వంతు డబ్బుతో ఫోను కొనాలని అప్పటికే దుబాయ్ కరామా బజారులో బేరం చేసి వచ్చాడు.

శుక్రవారం పొద్దున ఆఫీసరు వచ్చేసరికి ఏడుగురమూ కుళాయిల దగ్గర చతికిలబడి బ్రష్షులతో రుద్దుతున్నాం. అలవాటు లేని పని. నురగ ఎక్కువ, గ్రీజు పోవడం తక్కువ. అతను చేతిలో అట్ట, కాగితం పట్టుకుని ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చాడు. మా గది నంబరు రాసుకున్నాడు. అంతా సవ్యంగా పోతోంది అనుకున్నాను.

తీగ మీద ఆరవేసిన ఒక కవరాల్ కాలరు అతను తిప్పి చూశాడు. తర్వాత పక్కది. తర్వాత ఇంకొకటి.

ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి కాలరు లోపల చాచా దారంతో గుర్తు కుట్టేవాడు. ఒకరికి ఎరుపు, ఒకరికి పసుపు, ఒకరికి తెలుపు. రంగులు వేరు, కుట్టు ఒక్కటే. మూడు ఏటవాలు గీతలు. రోజూ మెడకు తగిలే ఆ గుర్తు మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"మా ఊళ్లో చాకలి ఇలాగే గుర్తు పెట్టేవాడు. ఎవరిది వాళ్లే ఉతుక్కుంటే ఈ గుర్తెందుకు?" అన్నాడు ఆఫీసరు. పెన్ను కాగితం మీద ఆనించి, "అసలు ఉతికేదెవరు?" అని అడిగాడు.

కుళాయి కట్టేయడం ఎవరికీ తోచలేదు. ఏదో ఒక పేరు చెబుదామా అనుకున్నాను. ఎవరి పేరు చెప్పినా, కుట్టి చూపించమంటే దొరికిపోతాం. వెనక తలుపు చప్పుడైంది. చాచా గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఏదో చెప్పబోతున్నట్టు పెదవులు కదిలాయి.

"చాచా, నువ్ లోపలికి వో. చాయ్ వెట్టు," అని వెల్డరు కసిరాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ లేచి, ఆఫీసరు ముందుకు వెళ్లాడు. నాకు భయమేసింది. ఈ డబ్బు అందరికన్నా ఎక్కువగా కావలసినవాడు అతనే.

"సాబ్, హమారే రూమ్ కో క్లెయిమ్ నక్కో," అన్నాడు.

"ఎనిమిది వందల నలభై. వద్దా?"

"నక్కో సాబ్. మా రూము కొట్టెయ్."

ఆఫీసరు మా అందరి ముఖాలూ చూశాడు. ఒక్కొక్కరే తల ఊపారు. చివరికి నేనూ ఊపాను. అట్ట నా చేతికిచ్చి, మీరే రాయండన్నాడు. అర్జీలోంచి మా గదిని తీసేయమని రాసి సంతకం పెట్టాను. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒకసారి చాచా వైపు చూసి, పక్క గదికి వెళ్లిపోయాడు.

అతను ఏం అర్థం చేసుకున్నాడో, ముదీర్‌కు ఏం చెబుతాడో తెలియదు. ఆ తర్వాతి రోజులు నాకు బాగా జ్ఞాపకం. ఆఫీసు నుంచి గేటుకు ఫోను మోగితే చాచా రెండో మోతకు గానీ ఎత్తేవాడు కాదు. స్టోరు కిటికీలోంచి నేను ఆయన ముఖం చూస్తుండేవాణ్ని. మిగతా గదులకు డబ్బు వచ్చింది, కోత కూడా ఆగింది. మాకు ఆగలేదు. ఆ నెల జీతం కాగితం చూసి వెల్డరు నలిపి జేబులో పెట్టుకున్నాడు.

గడువుకు నాలుగు రోజుల ముందు చాచా పాస్‌పోర్టు కొత్త ముద్రతో తిరిగి వచ్చింది.

ఆయన మళ్లీ డ్రమ్ములో కాలు పెట్టలేదు. మేము రమ్మన్నా రాలేదు. "ఒకసారి దొరికినాం. ఇంగ నాకు ధైర్యం చాలదు. మీ బట్టలు మీరే ఉతుక్కోండి, నా వంట వంతు నాకియ్యండి," అన్నాడు. ఊరికే తినడం ఆయనకు ఇష్టం లేదు. స్టూలు మీద కూర్చుని కూర తరిగేవాడు, తిరగమోత పెట్టేవాడు. డేగిసా దించే వేళకు ఇద్దరిని పిలిచేవాడు. మొదటి రోజు నేనూ వెల్డరూ వెళ్లాం. సబ్బు నీళ్లకు వెల్డరు వేళ్లన్నీ పగిలి ఉన్నాయి. వేడి గిన్నె పట్టుకోగానే మూలిగాడు.

"మెల్లగా నాయనా," అన్నాడు చాచా.

"మెల్లగనే గానీ, నువ్ జరుగు చాచా," అన్నాడు వెల్డరు. ఇద్దరం కలిసి దించాం.