తారుమారు చేతిలో మైకు

మా తారుమారు బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక్క కథ కూడా సరైన మనిషి మీద చెప్పలేదు. కథలో మాత్రం తప్పుండదు. వాన పడిందంటే పడినట్టే, కుర్చీ విరిగిందంటే విరిగినట్టే. ఆ కుర్చీలోంచి కిందపడ్డవాడే మారిపోతాడు. నేను పడితే మాతో చదువుకున్న లాయరు పడ్డాడంటాడు. లాయరు పడితే ఆ వేళ ఊళ్ళోనే లేని వాళ్ళ బావగారు పడ్డాడంటాడు. కాలేజీలో చేరిన నెల తిరక్కుండానే వాడికా పేరు పెట్టింది నేను. లాయరు పెట్టాడని వాడు ఇప్పటికీ చెప్పుకు తిరుగుతున్నాడు.

ఇంతకీ వాడు చేసిన ఉద్యోగమేమిటో తెలుసా? సర్వేయరు! స్థలాల హద్దులు కొలవడం. అన్నదమ్ములు గోడ కోసం తలలు పగలగొట్టుకుంటుంటే వీడు గొలుసు పట్టుకుని వెళ్ళేవాడు. కొలిచి, మేకు దిగ్గొట్టి, "ఇదిగో మీ హద్దు" అనేవాడు. ఇద్దరూ నోరెత్తకుండా ఇళ్ళకి పోయేవారు. గోరంత తేడా వచ్చేది కాదు. నేలమీద అంత కచ్చితంగా హద్దు గీసేవాడు మనుషుల దగ్గరికొచ్చేసరికి అందర్నీ కలిపి కలగాపులగం చేసేస్తాడు.

వాడి పెళ్ళి కథే చూడండి. రైల్లో ఒకమ్మాయి గొడుగు మర్చిపోయి దిగిపోయింది. వీడు ఆ గొడుగు పట్టుకుని తర్వాతి స్టేషన్లో దిగి, వానలో పట్టాల పక్కనే వెనక్కి నడిచొచ్చి ఆ అమ్మాయి చేతికిచ్చాడు. పరాయివాళ్ళ గొడుగు తెరవకూడదని నిలువునా తడిసి ముద్దయ్యాడు. ఆ అమ్మాయి పడీపడీ నవ్వి, తర్వాత వీణ్ణే పెళ్ళి చేసుకుంది. ఇదంతా చేసింది వాళ్ళ బావగారని వీడు ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాడు.

"ఆ గొడుగాయన ఎవరో గానీ మహానుభావుడండీ," అంటుంది వాళ్ళావిడ. "నా ఖర్మ కొద్దీ ఆయన బామ్మర్ది దొరికాడు నాకు."

నేను పళ్ళ డాక్టర్ని. ఒకసారి వీడు బుగ్గ బూరెలా ఉబ్బించుకుని మా క్లినిక్కి వచ్చాడు.

"మా బావకి పన్ను నొప్పిరా. రాత్రంతా నిద్రలేదు పాపం."

"బావేడీ?"

"ఇంట్లో ఉన్నాడు. అమ్మా! మెల్లగా చూడరా, నొప్పి!"

మాట్లాడకుండా వీడి పన్ను పీకి పంపించాను. మర్నాడు వాళ్ళ బావగారు ఫోన్ చేశారు. "డాక్టరుగారూ, నిన్న నా పన్ను పీకారటగా, ఇవాళ నేను అన్నం తినొచ్చా?" పాపం, ఆయనా అలవాటు పడిపోయాడు.

సరే, ఇవన్నీ భరించొచ్చు. నా అస్థిపంజరం జోలికొస్తే మాత్రం భరించలేను. ఆ కథ నా సొంతం. నా జీవితంలో నేను చేసిన ఘనకార్యం అదొక్కటే. మా ఆవిడకి పెళ్ళయిన మూడోరోజే చెప్పాను. క్లినిక్‌లో కుర్చీ ఎక్కి నోరు తెరిచిన ప్రతివాడికీ చెబుతాను. నోరు తెరిచి ఉంటుంది గనక ఇంతకుముందే విన్నామని అనలేరు.

మా కాలేజీ ఆఖరి సంవత్సరం. క్రమశిక్షణ మీద ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం. జంతుశాస్త్రం ల్యాబులోంచి అస్థిపంజరాన్ని మోసుకొచ్చి, స్వెటరు తొడిగి, మెడకి మఫ్లరు చుట్టి, తలకి టోపీ పెట్టి రెండో వరసలో కూర్చోబెట్టాను. ప్రిన్సిపాల్ గారు ఆ వేళ ఎందుకో కళ్ళజోడు లేకుండా వచ్చారు. గంటసేపు మాట్లాడారు. మేమంతా అటూ ఇటూ కదులుతున్నాం. ఆయనకి ఒళ్ళు మండింది.

"సిగ్గులేదూ మీకు! రెండో వరసలో ఆ అబ్బాయిని చూడండి! వచ్చినప్పట్నుంచీ కదిలాడా? మెదిలాడా? పైగా నవ్వుతూ వింటున్నాడు! అదీ క్రమశిక్షణంటే!"

అని దగ్గరికొచ్చి, శభాష్ అంటూ భుజం తట్టారు. తల ఊడి ఒళ్ళో పడింది.

తర్వాత విచారణ. చేసిందెవరో తేలితే కాలేజీ నుంచి వెళ్ళగొడతానన్నారు. కథలు చెప్పేవాడు గదా అని తారుమారుని పిలిపించారు. పొద్దున అడిగితే లాయరన్నాడట. మధ్యాహ్నం హాస్టల్ వంటవాడన్నాడట. సాయంత్రం గట్టిగా గదమాయిస్తే, కాసేపు ఆలోచించి, "మీరేననుకుంటా సార్" అన్నాడట. ప్రిన్సిపాల్ గారు తల పట్టుకుని ఆ విచారణ అంతటితో ఎత్తేశారు. వీడి మతిమరుపు పుణ్యమా అని గట్టెక్కామని మేమంతా నవ్వుకున్నాం.

ఇక అసలు సంగతికొస్తాను. ఇన్నేళ్ళకి మా బ్యాచ్ అంతా ఆ పాత కాలేజీ హాల్లోనే కలుసుకున్నాం. అవే బల్లలు. వాటి మీద మేం చెక్కిన పేర్ల మీద తర్వాతివాళ్ళు చెక్కుకున్న పేర్లు. జుట్టున్నవాళ్ళకి జుట్టు లేదు, సన్నటివాళ్ళు సన్నగా లేరు. నేను మొహాలు గుర్తుపట్టలేను, పళ్ళయితే గుర్తుపడతాను, అందుకని ఎవరైనా పలకరిస్తే నవ్వేదాకా ఆగి అప్పుడు ఒరేయ్ అని కౌగిలించుకుంటున్నాను.

గుమ్మం దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఏమీ లేదు, పక్కన కూతురు. ఆయన అందరికీ నమస్కారం పెడుతున్నాడు, అందరూ ప్రతినమస్కారం పెట్టి ముందుకెళ్ళిపోతున్నారు. మా లాయరైతే, "బాబూ, ఇటు ఇంకో రెండు కుర్చీలు వెయ్యి" అన్నాడు. ఆయన తెచ్చి వేశాడు. కూతురు ఆ కుర్చీల వంకా తండ్రి వంకా చూసి పెదవి కొరుక్కుంది.

నేనూ దగ్గరికెళ్ళాను. ఆయన నవ్వాడు. పళ్ళు కూడా గుర్తురాలేదు. "మనదే బ్యాచండీ," అన్నాడు మెల్లగా. "వెనక బెంచీ. మా నాన్నగారికి కళ్ళజోళ్ళ షాపుండేది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే వెళ్ళిపోయి షాపులో కూర్చునేవాణ్ణి. మీకు గుర్తుండే అవకాశం లేదు లెండి."

"అయ్యో, ఎందుకు గుర్తులేదూ!" అన్నాను. అబద్ధమని ఆయనకీ తెలుసు.

మా బ్యాచ్‌లో ఒకావిడ హెడ్మిస్ట్రెస్ చేసి రిటైరయింది. ఆ అమ్మాయి ఆవిడ పక్కన చేరింది. "మా నాన్న కాలేజీ గురించి ఎప్పుడూ ఏమీ చెప్పరు ఆంటీ. రానంటే నేనే బలవంతంగా లాక్కొచ్చాను. మీరైనా చెప్పండి, అప్పట్లో నాన్న ఎలా ఉండేవారు?"

ప్రార్థనలో నిలబడితే అరగంట మాట్లాడే మనిషి. ఆవిడకి మాట తడబడింది. "ఉండేవారమ్మా... చక్కగా... ఉండేవారు."

అమ్మాయి మొహం చిన్నబోయింది. తండ్రి దగ్గరికెళ్ళి, "వెళ్ళిపోదామా నాన్నా?" అంది.

"భోంచేసి వెళ్దాం లేమ్మా. మధ్యలో లేస్తే బాగుండదు," అన్నాడాయన. అంటూనే గుమ్మం వైపు చూస్తున్నాడు.

వాళ్ళ వెనకాలే తారుమారు ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిండి ముందు నిలబడ్డవాడు ప్లేటు పక్కన పెట్టడం నా జీవితంలో అదే మొదటిసారి చూశాను. పెట్టి, విసవిసా స్టేజి వైపు నడిచాడు.

అప్పుడు స్టేజి మీంచి మైకు కింద కూర్చున్న నాకు అందివ్వబోతున్నారు. అస్థిపంజరం కథ కోసం. నేను దువ్వెన తీసి తల కూడా దువ్వుకున్నాను. వీడు మధ్యలో చెయ్యిపెట్టి లాక్కుని పైకెక్కాడు. హాలంతా "అయిపోయింది!" అని ఒక్కసారి మూలిగింది.

"మన కళ్ళజోళ్ళాయన వచ్చాడు, చూశారా?" అన్నాడు తారుమారు. "ఎంత గుంభనంగా కూర్చున్నాడో! క్యాంటీన్ టీ సంగతి మర్చిపోయావా గురూ? టీ గ్లాసు కింద పేపరు పెట్టి, టీలోంచి వార్తలు చదివి వినిపించావే! క్యాంటీన్ వాడు సిగ్గుపడి మర్నాటి నుంచి టీపొడి వెయ్యడం మొదలుపెట్టాడు!"

లాయరు ఎగిరిపడ్డాడు. "అది నేను! ఆ టీ నాది!"

"క్లాసులోకి పాము దూరిన రోజో! లెక్చరరు బల్లెక్కి నిలబడితే, ఈయన గొడుగు కొసతో పాముని ఎత్తి, కిటికీలోంచి తోటలో వదిలి, గొడుగు తుడుచుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు!"

"నా పాము!" అంది హెడ్మిస్ట్రెస్, గుండెమీద చెయ్యేసుకుని.

"ఇక అన్నిటికన్నా ఘనకార్యం," అన్నాడు వాడు. "అస్థిపంజరం!"

మా ఆవిడ నా మోచెయ్యి పొడిచింది. "ఏమండీ, అది మీరు కదా?"

"నేనే! వాడి సంగతి ఇప్పుడే తేలుస్తా!" అని లేచాను. స్టేజి ఎక్కేసరికి వాడు చెబుతూనే ఉన్నాడు. నీలం స్వెటరు, మోచేతి దగ్గర చిరుగు, టోపీ జారకుండా మఫ్లరుతో వేసిన ముడి. నాకే గుర్తులేని సంగతులు! నేనిన్నాళ్ళూ ఆకుపచ్చ స్వెటరని చెబుతున్నాను. వీడన్నాక గుర్తొచ్చింది, నీలమే.

"ఒరేయ్ దొంగా, నీకన్నీ గుర్తున్నాయి!" అన్నాను పళ్ళు కొరుకుతూ.

వాడు మైకు చేత్తో మూశాడు. "కూర్చోరా. నీకు కథలు బోలెడున్నాయి. ఆయనకి ఒక్కటీ లేదు."

కిందికి చూశాను. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తండ్రిని కొత్తగా చూస్తోంది. నాకు ప్రిన్సిపాల్ గారి విచారణ గుర్తొచ్చింది. పొద్దున లాయరు, మధ్యాహ్నం వంటవాడు, సాయంత్రం మీరే సార్. మతిమరుపట! ఓరి నీ అసాధ్యం కూలా అనుకుని, స్టేజి దిగొచ్చి కూర్చున్నాను.

అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ కళ్ళజోళ్ళాయన్ని స్టేజి ఎక్కించారు. ఆయన మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"క్షమించండి. ఆ పనులేవీ నేను చెయ్యలేదు," అన్నాడు.

తారుమారు మొహం వాడిపోయింది. "అబ్బే, వినయమండీ ఆయనకి!" అని గట్టిగా అరిచాను. "నువ్వే చేశావు! నేను చూశాను!" అన్నాడు లాయరు. "పాముని నా కళ్ళారా చూశాను!" అంది హెడ్మిస్ట్రెస్. ఆవిడ చెప్పింది నిజమే.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదండీ. నేను చేసింది ఒక్కటే. ముందురోజు డాక్టరుగారు ఆ అస్థిపంజరం సంగతి స్నేహితులతో చెబుతుంటే వెనక బెంచీలో విన్నాను. అప్పుడు ప్రిన్సిపాల్ గారి కళ్ళజోడు మా షాపులో ఉంది. రిపేరు అయిపోయింది కూడా. ఆయన మనిషిని పంపిస్తే, 'ఇంకా కాలేదు, రేపు సాయంత్రం రండి' అని చెప్పి డ్రాయర్లో పెట్టి తాళం వేశాను. అంతే."

హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు! నేను బల్ల బాదుతూ నవ్వాను. ఇన్నేళ్ళుగా ఆ కథ ఎన్నివందలమందికి చెప్పానో, ప్రిన్సిపాల్ గారికి ఆ వేళ కళ్ళజోడు ఎందుకు లేదో ఒక్కసారైనా ఆలోచించానా? అది ఉండుంటే గుమ్మంలోనే పట్టుబడి ఆనాడే ఇంటికి పోయేవాణ్ణి. తారుమారైతే నోరు తెరుచుకుని ఉండిపోయాడు. పాపం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడి కథలో మనిషి సరిగ్గా కుదిరాడు. అదీ వాడికి తెలియకుండా.

"నాన్నా! మీరా!" అంటూ ఆ అమ్మాయి స్టేజి ఎక్కేసింది. మా లాయరు స్వయంగా కుర్చీ మోసుకొచ్చి ఆయనకి వేశాడు. భోజనాలయ్యేదాకా ఆయన చుట్టూ జనం వదల్లేదు. ఆఖరికి హాలు తాళం వేసేవాడు వచ్చి దణ్ణం పెడితే గానీ ఆయన లేవలేదు.

ఇంటికి వస్తుంటే కార్లో మా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నా ఘనకార్యాన్ని నా కళ్ళముందే సగం పంచేసుకున్నారు గదా, ఎలా సర్దిచెప్పాలా అనుకుంటుంటే తనే చెయ్యి నా చేతిమీద వేసింది.

"తారుమారు అన్నయ్య నాకు అంతా చెప్పాడు లెండి."

"ఏం చెప్పాడు?"

"'చెల్లెమ్మా, అసలీ ఆలోచన మీ ఆయనదే. నా కథ ఆ కళ్ళజోళ్ళాయనకిచ్చెయ్యరా, నాకు బోలెడున్నాయి, ఆయనకి ఒక్కటీ లేదు అని ముందే నా చెవిలో చెప్పాడు' అన్నాడు. స్టేజి ఎక్కి కోపం నటించింది కూడా అందుకేనటగా?" అంది. "మీకింత మనసుందని నాకిన్నాళ్ళూ తెలీదు సుమండీ."

నేను నోరు తెరిచాను. మా ఆవిడ నన్ను అలా చూసి చాలా ఏళ్ళయింది. మళ్ళీ మూసేశాను. ఎంతైనా కథలో తప్పేం లేదు కదా, మనిషే కాస్త మారాడు.