బెల్టు అంచు చూసి చెప్పిన మనిషి

మంగళవారం ఉదయం ఆరున్నరకు ఆళ్లగడ్డలో మిల్లు యంత్రాల బెల్టులు కుట్టే పెద్దాయన చనిపోయారు. మూడు రోజుల జ్వరం. నంద్యాల జిన్నింగు మిల్లు కేసులో మిల్లుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన పనివాడు ఆయన ఒక్కరే. ఆ కేసు ఇంకా ముగియలేదు.

ఆయన మా ఇంటి వెనక వీధిలో ఉండేవారు. వయసు అరవై దాటి ఉంటుంది, సరిగా ఆయనకే తెలియదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా ఏ మిల్లులో తోలు బెల్టు తెగినా కబురు ఆయనకే వచ్చేది. తోలుకు తూట్లు పొడిచే ఆరె, కత్తి గుడ్డసంచిలో వేసుకుని మొదటి బస్సు ఎక్కేవారు. మిల్లు గడప దాటేముందు భుజం మీది తువ్వాలు తీసి సంచిలో పెట్టి, పంచె ఎగగట్టేవారు. ఇంజను పూర్తిగా ఆగితే తప్ప బెల్టు ముట్టేవారు కాదు. ఒక్క యంత్రం కోసం ఇంజను మీద నడిచే పన్నెండు యంత్రాలూ ఆపమంటావా అని ఒకసారి నంద్యాల మిల్లు మేనేజరు విసుక్కున్నారట. ఈయన గేటు బయటికి వెళ్లి కూర్చున్నారు. "ఆపినాక పిలవండి సామీ, ఈడనే ఉంటా." అరగంటకు ఆపారు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిన మరుసటి ఏడు, పత్తి కాలంలో, ఆ మిల్లులో పనిచేసే ఓబులేసు కుడిచెయ్యి బెల్టుకూ చక్రానికీ మధ్య పడింది. ఆసుపత్రిలో మోచేతి పైదాకా తీసేశారు. "స్వంత అజాగ్రత్త వల్ల" అని మేనేజరు కాగితం రాయించారు. దాని కింద ఓబులేసు ఎడమ బొటనవేలి ముద్ర ఉంది. ముద్ర వేయించేటప్పుడు అతనికి స్పృహ లేదు. పత్రికకు వార్తలు పంపే నేను మేనేజరు మాటనే రాశాను. రెండు వాక్యాల వార్త.

అది అచ్చయిన రోజు పెద్దాయన మా గుమ్మంలోకి వచ్చారు. ఆయనకు చదువు రాదు, ఎవరో చదివి వినిపించారు.

"ఆ మాట యాడ దొరికిందప్పా నీకు?"

మేనేజరు చెప్పారన్నాను.

"నువ్వు పోయి చూసినావా?"

లేదన్నాను.

"మరి రాసినావే."

సంచిలోంచి మూరెడు బెల్టు ముక్క తీశారు. ప్రమాదం జరిగిన మర్నాడు దాన్ని బాగుచెయ్యడానికి వెళ్లి, పాడైన చోట కోసిన ముక్క అది. బొటనవేలు తడిచేసి అంచు వెంట నడిపారు. నన్నూ తడిమి చూడమన్నారు. ఒక అంచు నున్నగా ఉంది. రెండో అంచు పీచు లేచి ఉంది.

"నడిచే చక్రం మీదికి పక్కనుంచి తోస్తేనే అంచు ఇట్ల లేస్తాది. ఒక దినంలో లేసేది కాదిది. యాడాది నుంచీ తోస్తాండారు. ఆ పొద్దు వాడొక్కడు చేసిన తప్పంటే ఈ తోలు ఒప్పుకోదప్పా."

మర్నాడు నంద్యాల వెళ్లి చూశాను. బెల్టు చుట్టూ కంచె లేదు. ఒక యంత్రాన్ని విడిగా ఆపాలంటే బెల్టును జరిపి ఉంచే ఖాళీ చక్రం ఉండాలి, అదీ లేదు. గోడ మీద మాత్రం "నడిచే బెల్టును ముట్టరాదు" అన్న బోర్డు ఉంది. ఇంకా ఆరని దాని రంగు నా వేలికి అంటింది. కర్నూలు నుంచి వచ్చిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కూడా ఇవన్నీ రాసుకున్నారు. యజమాని మీద కేసు పడింది. తేలవలసింది తప్పు ఓబులేసుదా, మిల్లుదా అన్నదే. ఓబులేసుదైతే కంచె రాదు, ఆ యంత్రం దగ్గర ఇంకొకరు నిలబడతారు.

తోటి పనివాళ్లు సాక్ష్యానికి రాలేదు. పెద్దాయన వస్తానన్నారు. ఆ వారం నుంచే ఏ మిల్లూ ఆయనకు కబురు పంపలేదు. ఎట్లా గడుస్తుందని అడిగితే, "కాళ్లకు చెప్పులు ఏసుకునేటోళ్లు ఇంకా ఉండారు కదప్పా" అన్నారు.

కోర్టులో మిల్లు ప్లీడరు, తోలు కుట్టేవాడికి యంత్రాల సంగతి ఏం తెలుసని అడిగారు.

"తెలీదు సామీ. యంత్రం ఏం చేసిందో తోలు మీద ఉంటాది. అది తెలుసు."

ఆ మిల్లులో అందరూ బెల్టు ఇంజను నడుస్తుండగానే ఎక్కిస్తారనీ, జాగ్రత్తగా ఎక్కిస్తే ఏమీ కాదనీ ప్లీడరు అన్నారు.

"ఏం గాదంటాండారు గదా. ఇంజను నడిపిచ్చి, మీ తట్టు మనిషినెవరినైనా ఎక్కిచ్చమనండి. చూస్తాం."

కోర్టులో నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. మిల్లు అందుకు సిద్ధమేనా అని అడిగారు. ప్లీడరు వెంటనే సిద్ధమన్నారు. పక్కన కూర్చున్న యజమాని తల ఎత్తలేదు.

తిరుగు బస్సులో పెద్దాయన నా పక్కనే కూర్చున్నారు. దారిలో బటువు అనే ఊరు దాటాక అన్నారు: "తప్పు మాట అంటినప్పా. 'ఎవరినైనా' అంటిని. ఎవరినో కూలోన్ని ముందుకు తోస్తారు. యజమానినే అనాల్సింది." జ్వరంలో కూడా ఆ మాటే రెండుసార్లు అడిగారు, మార్చడానికి వీలుందా అని. ఆయన మాటగా దాన్ని ఇన్‌స్పెక్టరుకు చెప్పాను. ఇన్‌స్పెక్టరు కోర్టుకు రాసి పంపారు.

మంగళవారం సాయంత్రం చర్చి వెనక పూడ్చిపెట్టారు. ఓబులేసు వచ్చాడు. ఎడమచేత్తో మట్టి వేశాడు.

శుక్రవారం ఉదయం తొమ్మిదికి మేజిస్ట్రేటు మిల్లుకు వస్తారు. ఇంజను నడుస్తుంది. బెల్టు ఎక్కించే మనిషి పేరు మిల్లు రాసి ఇవ్వాలి. పెద్దాయన మాట అందాక కోర్టు ఇంకోటి కలిపింది: యజమాని తానే ఎక్కించకపోతే ఎందుకు ఎక్కించరో కూడా అందులో రాయాలి. గడువు గురువారం సాయంత్రం అయిదు. నేను ఇది రాస్తున్నది గురువారం నాలుగింటికి. కాగితం ఇంకా కోర్టుకు రాలేదు.