జాలరిపేట అమ్మోరికి నేను పెట్టిన పరీక్ష

డెబ్బైల చివర్లో, దేవుళ్ళంటే వేరే గ్రహాల నుంచి దిగిన తెలివైన వాళ్ళేనన్న వాదన మా కాలేజీ స్టాఫ్‌రూమును ఊపేస్తుండేది. మనకంటే వేల ఏళ్ళు ముందున్న వాళ్ళు దిగివస్తే మన కళ్ళకు దేవుళ్ళలాగే కనిపిస్తారు కదా, తేడా ఎలా కనిపెడతారని ఫిజిక్స్ ల్యాబులో పనిచేసే నేను అందరితోనూ వాదించేవాణ్ణి. విశాఖ చేపల రేవు దగ్గర, జాలరిపేటలోని చిన్న గుడిలో ఆకారం లేని నల్లటి అమ్మవారు ఉందని ఎవరో చెప్పారు. ఆకాశం నుంచి పడిన లోహమే అయ్యుంటుందని, ల్యాబులోని అయస్కాంతం జేబులో వేసుకుని బయల్దేరాను. మిడిమిడి జ్ఞానం మనిషిని ఊరకే కూర్చోనివ్వదు.

పెందుర్తిలో ఏడింటికి సిటీబస్సు ఎక్కితే పాతపోస్టాఫీసు దగ్గర దిగేసరికి ఎనిమిదిన్నర. అక్కణ్ణుంచి రేవుకు రిక్షా, బేరమాడితే రూపాయి. గుడి మనిషెత్తు కూడా లేదు, తలుపూ లేదు. అమ్మవారి నిండా పసుపు. అయస్కాంతం సరిగ్గా ఆనాలని గోటితో గీకేశాను. టక్కున అతుక్కుంది. నా ఆనందం ఇంతా అంతా కాదు.

"ఏటి సేత్తన్నావ్ బాబూ?"

వెనక చేపల తట్టతో ఒక నడివయసు ఆవిడ. పేరు పోలమ్మ. నా సిద్ధాంతమంతా ఆవిడకు గర్వంగా వివరించాను.

"ఇనుమని మాకు తెల్దేటి? మా మావ వలలో పడ్డ లంగరు ముక్కే గదా అది," అంది. అంతలో గీకిన చోటు చూసి ఆమె ముఖం పాలిపోయింది. "మా పెనిమిటి ఏటకెల్లినప్పుడు రాసిన పసుపు బాబూ. ఆడు తిరిగొచ్చేదాకా సెరపకూడదు."

అయస్కాంతం ఊడబెరికి జేబులో దాచేశాను.

"పైనించి దిగినోలైతే మల్లీ పైకెల్లిపోతారు గదా. మావోడు సంద్రం మీదున్నప్పుడు నానెవులికి సెప్పుకోను?"

మళ్ళీ పసుపు రాసి, చేపలు అమ్మడానికి కూడా వెళ్ళకుండా సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయాను. వదిలి వెళ్ళలేక నేనూ కూర్చున్నాను. పన్నెండయింది, ఒంటిగంటయింది. పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి, ఆమెది రాలేదు. రెండింటికి వచ్చింది.

"ఎవులే ఈ బాబు?" అన్నాడు ఆమె భర్త.

"అమ్మోరిని సూడ్డానికొచ్చాడు," అంది. అంతే. నా నిర్వాకం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

"పులుసెట్టుకో బాబూ," అంటూ అతను నాలుగు చేపలు తాటాకులో చుట్టి నా చేతిలో పెట్టాడు.

అటు వెళ్ళే వాళ్ళకు ఒక్క సలహా: పడవలన్నీ ఒడ్డు చేరాక, మధ్యాహ్నం దాటి వెళ్ళండి. అప్పుడు అక్కడివాళ్ళు మనసారా మాట్లాడతారు. దేవుణ్ణీ గ్రహాంతరవాసినీ వేరుచేసే పరీక్ష నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు ఆ లంగరు ముక్కకు నేనూ మొక్కుతూనే కూర్చున్నాను. అదీ, ఆ మనిషి క్షేమంగా రావాలని కాదు. రాకపోతే తప్పు నా మీద పడుతుందని.