నిమ్మకాయ తిన్న నంబరు

మా బావ నా ముందరి పన్ను ఊడగొట్టింది ఒక ఇంజను నంబరు కోసం. ఆ నంబరూ దొరకలేదు, ఆ పన్నూ దొరకలేదు.

చంద్రపూర్‌లో, తుకుం బస్తీలోని మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మా నాన్న పాత కారు ఉంది. ఆయన పోయాక దాన్ని నేనే విప్పి బాగుచేసుకుంటున్నాను. రాజురా దగ్గర వ్యవసాయం చేసే మా బావకూ అదే రకం కారు ఉండేది. నిరుడు ఎండాకాలం ఎవరో ఎత్తుకుపోయారు. బాడీ పొలాల్లో దొరికింది కానీ ఇంజను దొరకలేదు. అప్పటి నుంచి ఆయన కంటికి ప్రతివాడూ దొంగే.

ఆ ఆదివారం అక్కను వెంటబెట్టుకుని వచ్చి, షెడ్డులో గొలుసుకు వేలాడుతున్న ఇంజనును చూశాడు.

"గిది నాది," అన్నాడు.

నవ్వాను. జాకీ రాడ్డు తీసి మూతి మీద కొట్టాడు.

నోరంతా ఉప్పన. చేతికందిన స్పానరుతో ఆయన మోచేతి మీద వేశాను. రాడ్డు జారిపడింది. ఆయన నా గొంతు పట్టి ఇంజనుకేసి గుద్దాడు. అంత బరువు ఇనుము తలల మీద ఊగుతుంటే కింద ఇద్దరం కుక్కల్లా కొట్టుకున్నాం. ఆ క్షణాన ఆయన్ను చంపేయాలనే ఉంది నాకు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అక్క నేను విడిభాగాలు కడిగిన బకెట్లోని మురికి కిరోసిన్ తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించింది. కళ్లు మండి విడిపోయాం.

"నంబరు సూపెట్టుమను," అన్నాడు బావ దగ్గుతూ. "నా నంబరు నాకు నోటికొస్తది. సూపెట్టకపోతే నీ తమ్ముడు చోర్. మళ్ల ఈ గడప తొక్కినవంటే నా ఇంటికి రాకు."

అక్క నా వైపు చూసింది. అమ్మా లేదు, నాన్నా లేడు. ఆమెకు పుట్టిల్లంటే నేనే. నాకూ ఆమె తప్ప ఎవరూ లేరు.

ఇంజను పక్కన నున్నగా చెక్కిన చిన్న చోటు ఉంటుంది. నంబరు అక్కడే గుద్ది ఉంటుంది. దాని మీద ఏళ్లనాటి ఎర్రటి పెచ్చు. నెత్తురు ఉమ్ముతూ తీగల బ్రష్‌తో గీకి, తుడిచి, సుద్దముక్క రుద్దాను. అలా రుద్దితే గాట్లలో సుద్ద నిలిచి అంకెలు తెల్లగా కనిపిస్తాయి. మొదటి రెండు అక్షరాలు కనిపించాయి. అవి ఆ రకం ఇంజన్లన్నిటికీ ఒకటే. ఆ తర్వాత ఒక్క అంకె లేదు.

"గ్రైండర్ పెట్టి అరగదీసిండు!" బావ మళ్లీ రాడ్డు ఎత్తాడు.

అక్క మధ్యలోకి వచ్చి ఆ చోటును వేలితో తడిమింది.

"ఆగయ్యా. గ్రైండర్ పెడితే గీతలుంటయ్. గిక్కడన్నీ గుంటలే. ఇనుమును తుప్పు తిన్నది. ఇది నేను జేసిన పనే."

దసరాకు ఆయుధపూజ మా ఇంట్లో అక్క చేసేది. బండికి నంబరే పేరు, బొట్టు పేరు మీదే పెట్టాలనేవాడు నాన్న. అక్క నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, సరిగ్గా అక్కడే రుద్ది ఆ చెక్కను అక్కడే అంటించేది. మళ్లీ దసరా దాకా ఎవరూ తుడవకూడదు. ఆమెకు పెళ్లయ్యే దాకా ఏటేటా ఆ పులుపు నాన్న కారు పేరును తింటూనే ఉంది.

"మన కారుకు గూడ గిట్లనే జేసినవేమో, గిది మనదే," అన్నాడు బావ.

"మీ ఇంట్ల నన్ను ఇంజన్ ముట్టనిచ్చిండ్రా? మీరు నిమ్మకాయ టైరు కిందనే గద పెడ్తరు."

అయినా బావ రాడ్డు దించలేదు. అక్క దాన్ని లాక్కుని ఆయన ముంజేతి మీద బలంగా ఒక్కటి వేసింది.

"నా తమ్మున్ని చోర్ అన్నందుకు."

ఆయన చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. నాకు కడుపు నిండినట్టయింది.

దసరాకు అక్క వచ్చింది. బావ గేటు బయటే నిలబడ్డాడు. నేనూ లోపలికి రమ్మనలేదు, పన్ను పోయింది నాది మరి. అక్క నిమ్మకాయ కోసింది. మిగిలిన రెండు అక్షరాలైనా దక్కుతాయని వాటి మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. నా చేతి మీద చురుక్కుమనేలా ఒక్కటిచ్చి, పక్కకు నెట్టి, అక్కడే గట్టిగా రుద్దింది.

ఇంకా తుడవలేదు నేను.