పాదాలను చూడమన్న డాక్టరుగారు

కుర్చీ చివర, పేషెంటు కాళ్ల కింద పరిచే ప్లాస్టిక్ కవరు సన్నగా గరగరమంది. నా చేయి దానంతటదే ఆగిపోయింది. నొప్పిగా ఉందా అని అడిగితే, రూట్ కెనాల్ చేయించుకుంటున్న ఆ కుర్రాడు లేదన్నట్టు తల ఊపాడు. నేను నమ్మలేదు. ఇంకాస్త మత్తు ఇచ్చి, అది పట్టేదాకా ఆగాను. ఆ చప్పుడును వినడం నాకు నేర్పిన సుభద్రగారు ఇప్పుడు లేరు. అది వినబడితే మాత్రం ఆవిడ నా వెనకే నిలబడ్డట్టు ఉంటుంది.

2004 చలికాలంలో, అమెరికాలోని ట్రాయ్‌లో ఆవిడ క్లినిక్‌లో అసిస్టెంటుగా చేరాను. ఇండియాలో డెంటిస్టునే అయినా ఇక్కడి పరీక్షలు ఇంకా రాయాలి. అన్నీ తెలుసన్న టెక్కు మాత్రం దండిగా ఉండేది. వచ్చినవాళ్ల మంచు బూట్లు ఆవిడ గుమ్మం దగ్గరే విప్పించేవారు. శుభ్రత కోసమనుకున్నాను. "కాదమ్మా, వేళ్లు కనబడాలని. మనవాళ్లు నొప్పి దగ్గర కూడా మొహమాటపడతారు. ప్రాణం పోతున్నా పర్లేదండీ అంటారు. నువ్వు నోటిని అడక్కు, కాలివేళ్లు ముడుచుకుంటున్నాయేమో చూడు, వాటి కింద కవరు గరగరమంటుందేమో విను, నాకు చెప్పు," అన్నారు.

పని అయ్యాక నీలం కాగితం కొరికించి, రంగు అంటి ఎత్తుగా తగిలే చోట పంటిని కాస్త అరగదీసేవారు. "ఇది కొన్నాళ్లు ఎదుటివాళ్లతో కొట్లాడకూడదు," అని నవ్వేవారు. తర్వాత మాత్ర, నీళ్లు చేతికిచ్చి ఎదురుగా నిలబడేవారు. "తిమ్మిరి పోయాక చూద్దాంలే అనుకోకు నాన్నా, ఉండగానే వేసుకో. ముదిరిన నొప్పి మందు మాట వినదు." తిమ్మిరెక్కిన పెదవి మీంచి నీళ్లు కారితే ఆవిడే తుడిచేవారు. మా అమ్మ కూడా నన్ను అంత ఓపికగా చూసిందో లేదో అనిపించేది.

నేను పరీక్షలు పాసై ఆ క్లినిక్‌లోనే డాక్టరునయ్యాక, ఆవిడకు క్యాన్సర్ వచ్చి ఎముకలకు పాకింది. ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. నర్సు వచ్చి మందులిచ్చి వెళ్లేది. సాయంత్రం క్లినిక్ మూసి నేను వెళ్తే, ఆవిడ ఆ రోజు వచ్చినవాళ్ల గురించి గుచ్చిగుచ్చి అడిగేవారు. ఎలా ఉందంటే "పర్లేదమ్మా" అనేవారు. నేనూ పిచ్చిదానిలా నమ్మేదాన్ని.

ఒకరోజు మాట్లాడుతూనే దుప్పటి సర్దబోయాను. ఆవిడ కాలివేళ్లు బిగుసుకుని ముడుచుకుపోయి ఉన్నాయి. మంచం పక్కన కప్పులో సాయంత్రం మందు అలాగే ఉంది.

"ఇదేంటండీ, నొప్పి రాకముందే వేసుకోమని ఊరందరికీ చెప్పింది మీరే కదా?"

"అది వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుందే. నువ్వొచ్చే టైముకి మెలకువగా ఉండాలని."

"రోజూ ఇలాగేనా?"

"పర్లేదులే."

నాకు ఏడుపు ఆగలేదు. మందు తాగించి, వేళ్లు వదులయ్యేదాకా ఆ పాదాలు పట్టుకుని కూర్చున్నాను. మర్నాటినుంచి నేను రాకముందే మందు తాగించమని నర్సుకు చెప్పాను. తర్వాత నేను వెళ్లినప్పుడల్లా ఆవిడ నిద్రలోనే ఉన్నారు. ఆ రోజు ఎవరొచ్చారో, ఏ పన్ను ఏడిపించిందో నిద్రపోతున్న ఆవిడకే చెప్పుకునేదాన్ని. ఆ నిద్రలోనే వెళ్లిపోయారు.

ఆవిడతో ఇంకొక్క సాయంత్రం మాట్లాడాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. అయినా ఆ సాయంత్రం నిజంగా దొరికితే, ముందు మందు కప్పే చేతికిస్తాను. తాగేదాకా ఎదురుగా నిలబడతాను.