ఇంకో చెంచా

ఉప్పెన తర్వాత దివిసీమలో మా శిబిరానికి వచ్చిన ఆ డాక్టరమ్మ పేరు నేను అడగలేదు. ఆవిడ మాట ఒక్కటే గుర్తుంది: "ఇంకో చెంచా."

నా రెండేళ్ళ కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోతుకు పోయాయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. సెలైన్ సీసాలు అయిపోయాయి. ఆవిడ కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, పంచదార కొలిచి కలిపారు.

"విరేచనాలవుతుంటే నీళ్ళు పడతారా అండీ? పిల్ల చచ్చిపోద్ది," అని మా అత్తగారు అడ్డుపడ్డారు.

"పోతున్నది నీళ్ళేనమ్మా. శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చినవాళ్ళకి ఇదే పట్టి బతికించారట. నేను చదివానంతే, పట్టడం ఇదే మొదలు," అన్నారావిడ, ఏమీ దాచకుండా.

 అయినా నేను పిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టాను.

పిల్ల కక్కేసింది. ఆవిడ కాసేపు ఆగి, "ఇంకో చెంచా," అన్నారు. మళ్ళీ కక్కింది. మళ్ళీ అదే మాట. గొంతు మాత్రం మారలేదు.

మధ్యాహ్నానికి పిల్ల ఆవిడ చీర తడిపేసింది. నేను కంగారుగా ఎత్తుకోబోతే ఆపారు.

"ఉచ్చ పోసిందమ్మా. ఒంట్లో నీళ్ళు నిలబడ్డాయి. ఇక భయం లేదు," అని, ఆ తడి చీరతోనే కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చారు.